ఫీడ్ పంపు: కంపెనీదా, బయటిదా?

మొన్న సంక్రాంతికి ఓర్వకల్లు వెళ్ళినప్పుడు మా చిన్నాయన కొడుకు నన్నో ప్రశ్న అడిగాడు. వాడికో టిప్పరుంది, బీఎస్-6 బండి. ఊరి చుట్టూ జరుగుతున్న పనులకి కంకర, మట్టి తోలుతుంటాడు.

"అన్నా, డీజిల్ ఫిల్టరు సెట్టు మార్చల్ల. కంపెనీదైతే ఇంత చెప్తాండారు. బయట దాంట్లో మూడో వంతుకే ఇస్తామంటాండారు. యాది ఏయమంటావు?"

నేను జావా రాసుకునేవాణ్ణి, నన్నెందుకు అడుగుతావురా అనబోయి ఆగిపోయాను. పక్కనే మంచం మీద చిన్నాయన కూర్చుని ఉన్నాడు. ఏం మాట్లాడలేదు. మా ఇంట్లో ఈ ప్రశ్నకి ముప్ఫై ఏళ్ళ చరిత్ర ఉంది. సరిగ్గా ఇలాంటి ప్రశ్నకి చెప్పుకున్న జవాబు వల్లే ఒక లారీ పోయింది. వాడికి అప్పటికప్పుడు ఏదో చెప్పానుగానీ, బెంగళూరు బస్సెక్కాక ఆలోచిస్తే ఇది రాసి పెట్టుకోవాల్సిన సంగతే అనిపించింది. కాస్త పొడుగు టపా, ఓపిక పట్టండి.

లారీలతో పరిచయం లేనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. డీజిల్ ట్యాంకు కింద ఛాసిస్‌కి పక్కన వేలాడుతుంటుంది. ఇంజిన్ దానికంటే పైన ఉంటుంది. ఇంజిన్‌కి డీజిల్‌ని కొలిచి, విపరీతమైన ప్రెషరుతో కొట్టేది ఇంజెక్షన్ పంపు (మావైపు పెద్ద పంపు అంటారు). ఈ పెద్ద పంపుకి కొట్టడం తెలుసుగానీ, కిందున్న ట్యాంకులోంచి పీల్చుకోవడం చేతకాదు. ఎవరో ఒకరు తెచ్చి దాని నోటికి అందించాలి. ఆ అందించే చిన్న పంపే ఫీడ్ పంపు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. అమెరికా వాళ్ళు లిఫ్ట్ పంప్ అంటారు, రెండూ ఒకటే.

అసలు ఎత్తి పోయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చెప్పే పాత కథ ఒకటుంది. ఫోర్డు మోడల్-టీ కారుకి (1908 నుంచి 1927 దాకా తయారైంది) ఫ్యూయల్ పంపే లేదు. ట్యాంకు సీటు కింద ఉండేది, పెట్రోలు దాని బరువుకి అదే కిందికి జారి కార్బురేటర్‌కి చేరేది. చదును నేల మీద బాగానే ఉంది. నిటారు గుట్ట ఎక్కేటప్పుడు ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉంటే మాత్రం ముందున్న ఇంజిన్ ట్యాంకు కంటే పైకి పోయి, పెట్రోలు అందక ఆగిపోయేది. దానికి జనం కనిపెట్టిన ఉపాయం: కారుని తిప్పి రివర్సులో గుట్ట ఎక్కించడం! నవ్వొస్తుందిగానీ, ఈ ఉపాయానికి సొంత చెల్లెలు లాంటిది నేను గువ్వలచెరువు ఘాట్‌లో చూశాను. అక్కడికి వస్తా.

డీజిల్ లారీల కథ తర్వాత మొదలైంది. జర్మనీలో బాష్ కంపెనీ 1927లో డీజిల్ ఇంజెక్షన్ పంపుల్ని పెద్ద ఎత్తున తయారు చెయ్యడం మొదలుపెట్టాకే రోడ్డు మీద డీజిల్ బండి అన్నది నమ్మదగ్గ వస్తువైంది. మన దగ్గర అప్పటికింకా పెట్రోలు లారీల కాలమే. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువొచ్చి బస్సులకి వెనక బొగ్గు పొయ్యి కట్టి, ఆ గ్యాసుతో నడిపారు. మా జేజి ఆ బొగ్గు బస్సులెక్కినామె. గడ్డలొస్తే జనం దిగి నెట్టాల్సొచ్చేదని చెప్పేది.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం, విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముతామంటే కుదరదు, తయారీ ఇక్కడే జరగాలి అని పట్టుబట్టింది. 1950ల మొదట్లోనే జనరల్ మోటార్స్, ఫోర్డు ఇక్కడ దుకాణం కట్టేశాయి. ఆ ఖాళీలోకి వచ్చినవాళ్ళలో ఇద్దరి గురించి మనకి కావాలి. ఒకరు 1954లో మెర్సిడెస్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టిన టాటావాళ్ళు. రెండోది, బాష్ తోడ్పాటుతో 1951లో బెంగళూరులో పుట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అంటే మైకో.

బెంగళూరులో పనిచేసిన తెలుగువాళ్ళకి మైకో పేరు వేరే రకంగా తెలుసు. బీటీఎంలో పీజీ హాస్టల్లో ఉన్నవాళ్ళందరికీ మైకో లేఅవుట్ పోలీస్ స్టేషన్ గుర్తుండే ఉంటుంది :-) నేను 2004లో మడివాళలో ఉంటూ ఆడుగోడి మీదుగా ఆఫీసుకి పోయేవాణ్ణి. రోజూ ఆ ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్ళం. మొదటిసారి ఆ బోర్డు చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. పక్కన కూర్చున్న కొలీగ్‌కి ఎందుకో అర్థం కాలేదు. ఓర్వకల్లు రోడ్డు పక్కన లారీల మధ్య పెరిగినవాడికి మైకో అంటే ఇంటి దేవుడి పేరు లాంటిది. పంపు అంటే మైకో పంపే, నాజిల్ అంటే మైకో నాజిలే. మైకో పేరు 2008లో బాష్ లిమిటెడ్ అయింది. ఆడుగోడిలో 2022లో వాళ్ళ స్మార్ట్ క్యాంపస్ ప్రారంభమైంది. పంపులు చేసిన చోట ఇప్పుడు మనలాంటివాళ్ళు ల్యాప్‌టాపులు పెట్టుకుని కూర్చుంటున్నారు.

సరే, ఫీడ్ పంపు లోపలేముందో చూద్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన డిజైను. లోపల ఒక ప్లంజరు, దాని వెనక ఒక స్ప్రింగు, రెండు చిన్న వాల్వులు. పెద్ద పంపు క్యామ్‌షాఫ్టు తిరిగినప్పుడల్లా దాని మీదున్న ఎత్తు ఈ ప్లంజరుని స్ప్రింగు మీదకి నెడుతుంది. అప్పుడు డీజిల్ బయటికి పోదు, ప్లంజరుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి మారుతుంది, అంతే. ఆ ఎత్తు పక్కకి తప్పుకున్నాక స్ప్రింగు ప్లంజరుని వెనక్కి తోస్తుంది. ఆ తోపుకే డీజిల్ ఫిల్టరు వైపు వెళ్తుంది, అదే తోపుకి ట్యాంకు నుంచి కొత్త డీజిల్ లోపలికొస్తుంది. అంటే డీజిల్‌ని ముందుకు తోసేది ఇంజిన్ కాదు, స్ప్రింగు. అటువైపు నిండిపోయి ప్రెషరు పెరిగితే స్ప్రింగు ఇక తోయలేక ప్లంజరు మధ్యలోనే నిలబడిపోతుంది. ఇంజిన్ తాగిన కొద్దీ మళ్ళీ కదులుతుంది. సెన్సారు లేదు, కోడు లేదు. మనం మెసేజ్ క్యూలకి బ్యాక్‌ప్రెషర్ అని రాసుకునే లాజిక్ మొత్తాన్నీ ఒక స్ప్రింగు చేసేస్తోంది.

దీనికి పైన ఒక నాబ్ ఉంటుంది, చేత్తో కొట్టే ప్రైమరు. ఆ నాబ్ విప్పి సైకిల్ పంపు కొట్టినట్టు కొడితే ఇంజిన్ తిరగకపోయినా డీజిల్ పైకొస్తుంది. లైన్లో గాలి పట్టినప్పుడు, ఫిల్టరు మీదున్న స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి నికరమైన డీజిల్ వచ్చేదాకా కొట్టాలి. లారీ క్లీనర్ పిల్లోడికి మొట్టమొదట నేర్పే పని ఇదే.

ఇక్కడో చిన్న విషయం. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో చిల్లి పడితే డీజిల్ బయటికి కారదు, బయటి గాలి లోపలికి పోతుంది. ఎందుకంటే అది పీల్చే వైపు. ఫీడ్ పంపు తర్వాత చిల్లి పడితే తడి కనిపిస్తుంది. అందుకే పీల్చే వైపు తప్పుని కంటితో పట్టుకోలేం. వాషరు సరిగ్గా కూర్చోకపోయినా, వాల్వు అరిగినా, పైకి అంతా పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది, బండి మాత్రం నడవదు.

మా చిన్నాయన లారీ 1986 మోడల్ టాటా 1210. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. బేతంచెర్ల బండలు (నాపరాళ్ళు) ఎక్కించి తమిళనాడు తోలేవాడు. (అప్పట్లో బేతంచెర్ల కూడా కర్నూలు జిల్లాయే, 2022లో నంద్యాల జిల్లాలోకి పోయింది.) నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, కడప, రాయచోటి, చిత్తూరు. అప్పటి ఎన్‌హెచ్ 18, ఇప్పటి 40. కడపకీ రాయచోటికీ మధ్య గువ్వలచెరువు ఘాట్. పాలకోవాకి ఎంత పేరో, లారీ డ్రైవర్లకి అంత దడ.

1995 వేసవి. పది పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నానని నన్నూ ఎక్కించుకున్నాడు. కర్నూలు, కడప ఎండలు మీకు చెప్పక్కర్లేదు. కడప దాటేసరికే బండికి పికప్ తగ్గింది. ఘాట్ సగం ఎక్కాక ఇంజిన్ రేసు పెరగడం, పడిపోవడం, మళ్ళీ పెరగడం... చివరికి ఆగిపోయింది. వెనక చక్రాలకి రాళ్ళు పెట్టాం. చిన్నాయన బానెట్ ఎత్తి, నాబ్ విప్పి నా చేతికిచ్చాడు.

"ఒత్తు అబ్బీ. ఇంగా ఒత్తు. చేయి నొప్పెడ్తే ఎడం చేత్తో ఒత్తు."

ఒత్తాను. బుడగలు పోయాయి, బండి స్టార్టయింది. రెండు మలుపులు ఎక్కి మళ్ళీ ఆగింది. మళ్ళీ ఒత్తాను. ఇలా నాలుగుసార్లయ్యాక చిన్నాయనకి అర్థమైంది, లోపల ప్లంజరు అరిగిపోయిందని. డీజిల్ చల్లగా ఉంటే కాస్త చిక్కగా ఉంటుంది, అరిగిన ప్లంజరు కూడా ఎలాగో నెట్టుకొస్తుంది. ఎండకి, ఇంజిన్ వేడికి పలచనైతే ప్లంజరు పక్క సందులోంచి వెనక్కి జారిపోతుంది. పొద్దున కర్నూలులో బాగున్న బండి మధ్యాహ్నం కడప ఘాట్‌లో ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలుస్తుందిగానీ, అప్పుడు నేను దయ్యం పట్టిందనే అనుకున్నా.

అప్పుడాయన చేసిన పని చూడాలి. ప్లాస్టిక్ డబ్బాలో డీజిల్ పట్టి, దాన్ని క్యాబిన్ పైన తాడేసి కట్టాడు. ఒక పైపు ముక్క డబ్బాలోకి దింపి, ఇంకో కొస ఫిల్టరుకి తగిలించాడు. ఫీడ్ పంపుని మొత్తంగా పక్కనపెట్టేశాడన్నమాట. డీజిల్ దాని బరువుకి అదే కిందికి దిగింది. బండి ఘాట్ ఎక్కేసింది! మోడల్-టీ కథ చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ డబ్బానే. డబ్బా ఖాళీ అయినప్పుడల్లా నింపుకుంటూ రాయచోటి చేరాం. (నిప్పుకి దగ్గర్లో ఇలాంటి పని ఎంత ప్రమాదమో ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. దయచేసి ఎవరూ ప్రయత్నించకండి.)

ఇక్కడ గమనించాల్సిందొకటుంది. పాత పెద్ద పంపు గుణమేంటంటే, దానికి నోటికి డీజిల్ అందితే చాలు, ఎవరు అందించారన్నది పట్టించుకోదు. పంపు అందించినా సరే, గురుత్వాకర్షణ అందించినా సరే. అందకపోతే బండి ఆగుతుంది, అంతే. ఏదీ కాలిపోదు, విరగదు. తప్పు జరిగితే మర్యాదగా ఆగి నిలబడే సిస్టమ్.

రాయచోటిలో ఆయన ముందుకొచ్చిన ప్రశ్న, మొన్న మా తమ్ముడికి వచ్చినదే. కంపెనీ ఫీడ్ పంపా, బయటిదా?

"బయటిది" అన్న మాటలో చాలా రకాలున్నాయి, అన్నిటినీ ఒక గాటన కట్టెయ్యడం తప్పు. లారీ కంపెనీ డబ్బాలో వచ్చేది ఒకటి. అదే పంపుని తయారుచేసినవాడు తన సొంత డబ్బాలో అమ్మేది ఇంకోటి, సరుకు అదే, ధర కాస్త తక్కువ. తన పేరు ధైర్యంగా పెట్టుకుని వేరేవాళ్ళు తయారుచేసేవి మూడో రకం, వీటిలో బాగున్నవి ఉన్నాయి, లేనివి ఉన్నాయి. నాలుగోది, పెద్ద కంపెనీ డబ్బాని, పేరుని కాపీ కొట్టి వచ్చే డూప్లికేట్. రాజ్‌కోట్, లూథియానా, కోయంబత్తూరు లాంటి ఊళ్ళలో చిన్న పరిశ్రమలు పెరగడం, ఢిల్లీ కశ్మీరీ గేట్ లాంటి టోకు మార్కెట్లలోంచి ఆ సరుకు దేశమంతా పారడం మన లారీ చరిత్రలో పెద్ద అధ్యాయం. కొత్త లారీ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సిన లైసెన్సు రాజ్యంలో పాత లారీల్ని బతికించింది ఈ బయటి సరుకే. దాన్ని వెక్కిరించే హక్కు మనకి లేదు. సెకండ్‌హ్యాండ్ లారీకి వాయిదాలు కట్టుకునేవాడు ప్రతిదీ కంపెనీ షోరూములో కొంటే నెలాఖరుకి మిగిలేది ఫిల్టరు డబ్బాలే.

చిన్నాయన బయటిది వేశాడు. మూడో రకమో, నాలుగో రకమో ఇప్పటికీ తెలీదు. చూడ్డానికి అచ్చం అలాగే ఉంది. బొటనవేలు నోటికి అడ్డం పెట్టి నాబ్ కొట్టి చూశాడు, ప్రెషరు బాగానే నిలబడింది. బండి సేలం దాకా ఎక్కడా ఆగకుండా పోయింది, తిరిగొచ్చింది. ఆ పంపు చేయాల్సిన పని చక్కగా చేసింది. చిక్కంతా చేయకూడని పని దగ్గర వచ్చింది.

ఫీడ్ పంపులో క్యామ్ తోపుని ప్లంజరుకి అందించే సన్నటి కడ్డీ ఒకటుంటుంది. దానికి ఒక పక్క డీజిల్, ఇంకో పక్క ఆయిలు. ఈ రెండిటి మధ్యా గోడ లాంటిది ఏదీ లేదు. కడ్డీ తన రంధ్రంలో ఎంత బిగువుగా కదులుతుందన్నదే గోడ. అంత సన్నంగా, నున్నగా సానబట్టడంలోనే ఖర్చంతా ఉంది. ఇది బొటనవేలి పరీక్షకి దొరకదు. కడ్డీ వదులుగా ఉంటే డీజిల్ కొంచెం కొంచెంగా అటువైపు జారుతుంది. ఇంజిన్ ఆయిలే పెద్ద పంపు అడుగుక్కూడా తిరిగే బళ్ళలో ఆ డీజిల్ నేరుగా ఇంజిన్ ఛాంబరులోకి పోతుంది. చిన్నాయనది అలాంటి బండే.

రోజూ పొద్దున డిప్‌స్టిక్ తీసి చూడటం ఆయన అలవాటు. రెండు నెలలు చాలా సంతోషంగా ఉన్నాడు. "ఆయిలు తాగడమే మానేసింది బండి" అని అందరికీ చెప్పుకున్నాడు. తర్వాత ఆయిలు తగ్గకపోవడం కాదు, పెరగడం మొదలైంది! కర్నూలులో పంపు పనిచేసే మేస్త్రీ ఒకాయన డిప్‌స్టిక్ వాసన చూసి, వేళ్ళ మధ్య రుద్ది, "ఇది ఆయిలు కాదు రెడ్డీ, నీళ్ళు. పంపు పీకెయ్, ఆయిలు మొత్తం దించెయ్, ఈ పొద్దే" అన్నాడట. లోడు ఎక్కి ఉంది. ఈ ట్రిప్పు కొట్టొచ్చి చేయిద్దాంలే అనుకున్నాడు చిన్నాయన.

ఆళ్ళగడ్డ దాటాక ఇంజిన్ టకటకమంది. పలచబడ్డ ఆయిలు బేరింగుల్ని కాపాడలేకపోయింది. క్రాంకు పట్టేసింది. నెల పైన బండి షెడ్డులో ఉంది, వాయిదాలు ఆగలేదు. చివరికి లారీ అమ్మి అప్పు కట్టి, పదేళ్ళు వేరేవాళ్ళ బండికి డ్రైవరుగా పోయాడు. మా ఇంట్లో దీన్ని ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఫీడ్ పంపు ధరలో మిగిలింది ఎంతో ఆయనకి ఇప్పటికీ రూపాయలతో సహా గుర్తుంది.

ఈ కథ ఇక్కడితో ఆగుంటే కంపెనీ సరుకే కొనండర్రా అని చెప్పి ఊరుకునేవాణ్ణి. కానీ 2008లో నన్ను ఆన్‌సైట్‌కి అమెరికాలో ఇండియానా రాష్ట్రం పంపించారు, కొలంబస్ అనే ఊరికి. చిన్న ఊరే, కానీ కమిన్స్ ఇంజిన్ల కంపెనీ పుట్టింది అక్కడే, 1919లో. ఊళ్ళో ఎవర్ని కదిలించినా డీజిల్ గురించి మాట్లాడతారు. ఆఫీసులో ఒక అమెరికన్ కొలీగ్‌కి 2001 మోడల్ డాడ్జ్ రామ్ పికప్ ఉండేది. ఒకరోజు లంచ్‌కి అందులో పోతుంటే డ్రైవరు పక్క స్తంభానికి బిగించిన గుండ్రటి మీటరు కనిపించింది. ఏంటని అడిగితే ఫ్యూయల్ ప్రెషర్ అన్నాడు. ఫీడ్ పంపు ప్రెషరన్నమాట! కంపెనీ ఇచ్చిన పంపు పీకేసి, దానికంటే చాలా ఖరీదైన బయటి పంపుని ట్యాంకు పక్కన ఛాసిస్‌కి బిగించుకున్నాడు. అంత డబ్బు పెట్టి బయటిది ఎందుకేశావని అడిగాను. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. బుద్ధున్నవాడెవడైనా కంపెనీ పంపు ఉంచుకుంటాడా అన్నాడు.

నాకు బుర్ర తిరిగిపోయింది. మన దగ్గర బయటిది అంటే చౌక, అనుమానం. అక్కడ బయటిది అంటే ఖరీదు, నమ్మకం. పైగా ఇంజిన్ వేరేదేం కాదు. డాడ్జ్‌లో ఉన్నది కమిన్స్ 5.9 లీటర్ల బి-సిరీస్. 1993లో టాటావాళ్ళు కమిన్స్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో పెట్టిన టాటా కమిన్స్ ఫ్యాక్టరీలో తయారై, మన రోడ్ల మీద "కమిన్స్ బండి" అని పేరు తెచ్చుకున్న టాటా లారీల్లోనూ ఉన్నది ఆ వంశమే. అక్కడ పడవని లాక్కుపోయే పికప్‌లో, ఇక్కడ బండలు మోసే లారీలో.

మరి తేడా ఎక్కడొచ్చింది? నెమ్మదిగా తెలుసుకున్నాను. 1998 మధ్య దాకా ఆ పికప్‌లో ఉన్నది బాష్ ఇన్‌లైన్ పంపు, దానికి తోడు ఇంజినే నడిపే మెకానికల్ ఫీడ్ పంపు. మన లారీల పద్ధతే. ఆ ఏడాది మధ్యలో ఎలక్ట్రానిక్ కంట్రోల్ కోసం దాన్ని తీసేసి వీపీ44 అనే రోటరీ పంపు పెట్టారు. దానికి డీజిల్ అందించడానికి కరెంటుతో తిరిగే చిన్న పంపుని ఇంజిన్ పక్కనే తగిలించారు. ఎలక్ట్రిక్ పంపులు నెట్టడంలో దిట్టలు, పీల్చడంలో కాదు. ట్యాంకు దగ్గర ఉండాల్సినదాన్ని దూరంగా, అదీ ఇంజిన్ అదురు తగిలే చోట పెట్టారు. అవి తరచు నీరసించేవి. ఆ తరం ట్రక్కుల గురించి అక్కడ అందరికీ తెలిసిన బలహీనత ఇది.

అసలు ముప్పు ఇంకోటి. వీపీ44కి డీజిల్ తాగడానికే కాదు, ఒళ్ళు చల్లబరుచుకోడానికీ, లోపలి భాగాలకి జిడ్డుగానూ కావాలి. ఇంజిన్ తాగేదానికంటే చాలా ఎక్కువ డీజిల్ దాని గుండా పారి ట్యాంకుకి తిరిగి పోతుండాలి. ఫీడ్ పంపు నీరసిస్తే బండి ఆగదు. నడుస్తూనే ఉంటుంది, కాకపోతే లోపల వీపీ44 వేడెక్కి అరిగిపోతూ ఉంటుంది. డ్రైవరుకి తెలిసేసరికి ఫీడ్ పంపుకి ఎన్నో రెట్లు ఖరీదైన పంపు పోయి ఉంటుంది. అందుకే ఆ మీటరు. ఎర్రర్ ఇవ్వకుండా తప్పుడు డేటా రాసుకుంటూ పోయే ప్రోగ్రాం లాంటిది, దానికి మానిటరింగ్ మనమే పెట్టుకోవాలి. కంపెనీ వదిలేసిన ఆ ఖాళీలోనే అక్కడ బయటి పంపుల వ్యాపారం పుట్టింది. డీజిల్‌లో కలిసిన గాలిని కూడా వేరుచేసే పంపులు అమ్మారు. చివరికి 2005 మోడల్ నుంచి కంపెనీయే ఆ పంపుని ట్యాంకు లోపలికి మార్చింది.

ఆ రాత్రి చిన్నాయనకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని ఒకే మాట అడిగాడు. "అయితే ఆ బండికి పైన డబ్బా కడ్తే నడవదా?"

నడవదు చిన్నాయనా అన్నాను. నడిచినట్టే ఉండి పంపుని తినేస్తుంది.

"అట్లయితే అది నా పంపు లాంటిదే" అన్నాడు.

ఆలోచిస్తే నిజమే. ఒకటి కంపెనీది, ఒకటి బయటిది. ఒకటి అమెరికాలో, ఒకటి రాయచోటిలో. రెండూ ఆగిపోయి చెడగొట్టలేదు, నడుస్తూ చెడగొట్టాయి. ముప్ఫై ఏళ్ళుగా మా ఇంట్లో పెట్టుకున్న ప్రశ్నే తప్పు. డబ్బా మీద పేరు చూస్తున్నాం. చూడాల్సింది, అది పాడైతే తనొక్కటే పోతుందా, పక్కదాన్ని తీసుకుపోతుందా, ఆ సంగతి మనకి ఎప్పుడు తెలుస్తుంది అన్నది. గువ్వలచెరువులో అరిగిపోయిన పాత పంపు చేత్తో ఒత్తించుకుని, ఎండలో నిలబెట్టి, అందరికీ తెలిసేలా చచ్చిపోయింది. దాన్ని తిట్టుకున్నాం. నిజానికి అది మంచి పంపు.

ఇప్పుడు మా తమ్ముడి టిప్పరు సంగతి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6. కామన్ రైల్ అంటే పాత ఇన్‌లైన్ పంపులు ఎన్నడూ చూడని ప్రెషర్లు, వెయ్యి బార్‌కి పైమాట. ఇంజెక్టర్ లోపలి సందులు మైక్రాన్ల లెక్క, వెంట్రుక అందులో ఏ మూలకీ పట్టదు. డీజిల్‌లో సల్ఫర్ కూడా 10 పీపీఎంకి తగ్గించారు. పొగకి మంచిదేగానీ, సల్ఫర్ తీసేసే శుద్ధిలో డీజిల్‌కి సహజంగా ఉండే జిడ్డు కూడా కొంత పోతుంది, దానికి విడిగా మందు కలపాలి. ఇలాంటి చోట ఫీడ్ వైపు ఏ చిన్న తేడా వచ్చినా, ఫిల్టరు కాగితం కాస్త నాసిరకమైనా, దెబ్బ తగిలేది ఫిల్టరుకి కాదు. పంపు లోపల రాసుకుని లేచిన ఇనుప రజను రైలులోకి, ఇంజెక్టర్లలోకి పోతే మొత్తం సెట్టు మార్చాలి. మేస్త్రీ బొటనవేలు, వాసన చూసే ముక్కు ఇక్కడ చాలవు, స్కానర్ కావాలి. ఆ స్కానర్లు అన్ని షెడ్లలోనూ ఉండవు. బయట రిపేరు చేసుకునే స్వేచ్ఛ తగ్గిపోవడం నాకు నచ్చని విషయమే, కానీ అది ఇంకో టపా.

నేను వాడికి చెప్పింది ఇది: బల్బులు, అద్దాలు, సీటు కవర్లు, మడ్‌గార్డులు ఎక్కడైనా కొనుక్కో. బ్రేకులూ, ట్యాంకు నుంచి ఇంజెక్టరు దాకా డీజిల్ తడి తగిలేదీ మాత్రం తయారీదారు ఎవరో ఖాయంగా తెలిసినవే కొను. లారీ కంపెనీ డబ్బాయే కానక్కర్లేదు, దానికి సరఫరా చేసేవాడి సొంత డబ్బా అయినా పర్లేదు, బిల్లుతో, నమ్మకమైన డీలరు దగ్గర. ఫిల్టరు కింద నీళ్ళు వేరయ్యే గిన్నెని రోజూ ఖాళీ చెయ్యి. ఇంజిన్ ఆయిలు తగ్గితే ఎంత కంగారు పడతావో, పెరిగితే అంతకు రెండింతలు పడు.

వాడు తలూపాడు. ఏం కొన్నాడో నాకింకా చెప్పలేదు. చిన్నాయన మాత్రం మంచం దిగి, టిప్పరు దగ్గరికి పోయి, ఫిల్టరు మీదున్న ప్రైమరుని బొటనవేలితో రెండుసార్లు ఒత్తి చూశాడు.

"ఇది మెత్తగా ఉండాది" అన్నాడు, ఇంక లోపలికెళ్ళిపోయాడు.